మేక తినే చెట్టు నాటలేమా?

2019 సెప్టెంబరులో తెలంగాణలోని హుజూరాబాద్‌లో రెండు మేకలు పోలీస్‌ స్టేషన్‌కు చేరాయి. పచ్చదనం కోసం నాటిన మొక్కల్ని మేసేశాయన్నది వాటి మీద ఫిర్యాదు. చివరికి యజమాని వచ్చి వెయ్యి రూపాయల జరిమానా కట్టి వాటిని విడిపించుకుపోయాడు. వార్త దేశమంతా పాకింది. జనం నాలుగు రోజులు నవ్వుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

నవ్వుకోవాల్సిన సంగతే. కానీ ఆ మేకల తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు ఎవడైనా ఉంటే ఒక మాట అడిగి ఉండేవాడు: ఏటా కోట్ల మొక్కలు నాటుతున్నామని చెబుతున్నారు కదా, అందులో మేక తినాలని నాటినవి ఎన్ని?

అదే రాష్ట్రంలో అంతకు రెండేళ్ల ముందు, 2017 జూన్‌లో, గొర్రెల పంపిణీ మొదలైంది. యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్‌ ధర అప్పట్లో లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సర్కారు భరించింది. ఆ పథకంలో అవకతవకల మీద ఆరోపణలు, దర్యాప్తులు వేరే కథ. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో కోటీ 90 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం. కోటీ 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. గొర్రెల లెక్కలో తెలుగువాళ్లను మించినవాళ్లు దేశంలో లేరన్నమాట.

ఇరవై ఒక్క జీవాలంటే ఇరవై ఒక్క నోళ్లు. ఒక్కో జీవానికి రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. అంటే ఒక యూనిట్‌కు రోజూ అరవై నుంచి ఎనభై కిలోలు. వానలు పడ్డన్నాళ్లూ బీళ్లు, గట్లు, చెరువు శిఖాలు ఆదుకుంటాయి. సంక్రాంతి దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. పత్తి చేలు ఎండిపోతాయి, గట్ల మీద గడ్డి మాడిపోతుంది. కాపరి భుజాన దోటి వేసుకుని చెట్టు చెట్టుకూ తిరుగుతాడు. తుమ్మ, రావి, మేడి, ఏది కనిపిస్తే దాని మండలు కొట్టి మంద ముందు వేస్తాడు. ఏప్రిల్‌ వచ్చేసరికి ఊరిచుట్టూ చెట్లన్నీ గుండు కొట్టించుకున్నట్టు నిలబడతాయి. రాయలసీమలో కరువు ముదిరిన ఏడు కోస్తా నుంచి లారీల్లో వరిగడ్డి వస్తుంది. దాంట్లో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ.

ఈ మూడు నాలుగు నెలల గండం గట్టెక్కించే చెట్లు మన నేలకు కొత్తేమీ కాదు. అవిసె ఉంది, సుబాబుల్‌ ఉంది, గ్లైరిసిడియా ఉంది. దిరిసెన, నల్లతుమ్మ, జమ్మి తరతరాలుగా ఉన్నాయి. ఇవన్నీ చిక్కుడు, కంది కుటుంబానికి చెందినవే. వీటి వేళ్లు సూక్ష్మజీవులతో జత కట్టి గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. అవిసె, సుబాబుల్‌, గ్లైరిసిడియా ఎండుటాకులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్లు, అంతకు పైనే ఉంటాయి. వరిగడ్డికి అయిదారింతలు. పైగా పైరంతా ఎండిన రోజుల్లోనూ లోతు వేళ్లతో తడి తోడుకుని ఆకు నిలుపుకుంటాయి.

అవిసె అనగానే ఇప్పటి పట్నం పాఠకుడికి సూపర్‌మార్కెట్లో దొరికే అవిసె గింజలు గుర్తొస్తాయి. అవి వేరు. అవి నీలిపూల చిన్న మొక్కవి, నూనెగింజలు. ఇక్కడ చెబుతున్న అవిసె తమలపాకు తోటల్లో తీగలకు ఊతంగా వరసల్లో పెంచే చెట్టు. తెల్లగానో ఎర్రగానో చిలక ముక్కులా వంకర తిరిగిన దాని పూలతో కూర వండుకుంటారు. పేర్లు కలిసిపోవడంతో మేత చెట్టు గురించి చదువుదామని వెతికేవాడికి ఆరోగ్య చిట్కాలు ఎదురవుతుంటాయి. తమలపాకు తోటల రైతులకు ఈ తికమక లేదు. ముందు అవిసె గింజ చల్లి, అది నిలదొక్కుకున్నాక తీగ పాకిస్తారు. నీడ ఎక్కువైనప్పుడు కొమ్మలు కత్తిరిస్తారు. ఆ రొట్ట గేదెల ముందుకు పోతుంది. గింజతో మేత చెట్టు పెంచే విద్య తెలుగునేల మీద ఇలా ఎప్పటి నుంచో ఉంది. ఆకుతోట దాటి అది చేను గట్టు దాకా రాలేదు, అంతే.

జమ్మి సంగతి ఇంకా విడ్డూరం. తెలంగాణ రాష్ట్ర వృక్షం అది. దసరా నాడు దాని ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్‌ బలాయ్‌ తీసుకుంటాం. అదే చెట్టును రాజస్థాన్‌ రైతు సజ్జచేల నడుమ నిలబెట్టి, ఏటా కొమ్మలు నరికి, ఎండుటాకును మేకలకూ ఒంటెలకూ నిల్వ చేసుకుంటాడు. మనకు ఏడాదికి ఒక్కరోజు బంగారం, వాళ్లకు ఏడాది పొడుగునా మేత.

నత్రజని సంగతికొస్తే ఒక భ్రమ తొలగించుకోవాలి. 2025 వానకాలంలో తెలంగాణలో యూరియా బస్తా కోసం రైతులు తెల్లవారుజాము నుంచే లైన్లలో నిలబడ్డారు. అలాంటప్పుడు గాలిలోంచి నత్రజని లాగే చెట్టు అనగానే, అది పక్కనున్న మొక్కజొన్నకు యూరియా పోస్తుందని ఆశ కలుగుతుంది. అలా జరగదు. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా నత్రజనిని ముందు చెట్టుకిస్తుంది. చెట్టు దాన్ని ఆకులో దాచుకుంటుంది. ఆకు రాలి కుళ్లితేనో, కోసి మడిలో తొక్కితేనో పొలానికి చేరుతుంది. ఆకు కోసి మందకు మేపి, ఆ మంద ఇంకెక్కడో పెంటికలు వేస్తే పొలానికి దక్కేదేమీ ఉండదు. ఇక్కడే మన పాత పద్ధతి అక్కరకొస్తుంది. పంట కోసిన చేలో గొర్రెల మందను రాత్రిళ్లు పడుకోబెట్టించుకుని కాపరికి డబ్బో గింజలో ఇచ్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు. గట్టు మీద ఆకు, ఆ ఆకు తిన్న మంద, ఆ మంద పడుకున్న చేను. ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడే లెక్క సరిపోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని సుమారు 20 కిలోలు. ఆ బస్తాను చెట్టు పూర్తిగా మాన్పించలేదు, ఖర్చును కాస్త తగ్గించగలదు.

ఇక గింజ దగ్గరికి వద్దాం. ఈ చెట్ల పథకాలు చాలాచోట్ల బోల్తా కొట్టేది ఇక్కడే.

సుబాబుల్‌ గింజ చూడముచ్చటగా ఉంటుంది. చదునుగా, గోధుమరంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. కిలోకు పదిహేను నుంచి ఇరవై వేల గింజలు తూగుతాయి. ఆ నిగనిగే దాని కవచం. తొక్క మీద మైనంలాంటి పొర ఉండి నీటి చుక్కను లోపలికి రానివ్వదు. అలాగే మట్టిలో వేస్తే నూటికి కొన్నే మొలుస్తాయి, మిగతావి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి రాళ్లలా పడి ఉంటాయి. రైతు పది రోజులు చూసి, పుచ్చు గింజలు అంటగట్టారని తిట్టుకుని దున్నేస్తాడు. విత్తనంలో తప్పేమీ లేదు. దాని తాళం తీయడం ఎవరూ చెప్పలేదు.

తాళం తీయడానికి లేబొరేటరీ అక్కర్లేదు. అన్నానికి ఎసరు పెట్టినట్టు నీళ్లు కాచాలి. మరగడం మొదలవగానే గిన్నె దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, వేరే పాత్రలో పోసిన గింజల మీద వంచాలి. గింజల కొలతకు అయిదింతలు నీళ్లుంటే చాలు. పొయ్యి మీదే ఉంచి ఉడికిస్తే గుగ్గిళ్లవుతాయి. పోసిన నీళ్లలో అలాగే రాత్రంతా వదిలేయాలి. తెల్లారి చూస్తే సగానికి పైగా గింజలు రెండింతలు ఉబ్బి, నిగారింపు పోయి, తొక్క ముడతలు పడి కనిపిస్తాయి. అవి సిద్ధమైనట్టు. ఇంకా చిన్నగా, గట్టిగా, మెరుస్తూ ఉన్నవాటిని ఏరి మరోసారి వేడినీళ్లు చూపించాలి. పది ఇరవై గింజలే ఉంటే ఇదంతా ఎందుకు, మొన ఉన్న వైపు వదిలేసి రెండో అంచున గోళ్లు కత్తిరించే కట్టర్‌తో తొక్కను చిటికెడు గిల్లితే సరి. దిరిసెనకూ ఈ వేడినీళ్ల పద్ధతే. పశువైద్యశాలల్లో సిఫారసు చేసే దశరథ గడ్డికీ అంతే. పేరుకది గడ్డి గానీ నిజానికి పొద, దాని గింజ తొక్కా మొండిదే.

గ్లైరిసిడియాకు ఈ తంటా లేదు. రాత్రి చన్నీళ్లలో నానబెట్టి పొద్దున్నే విత్తుకోవచ్చు. దాంతో వచ్చే చిక్కు గింజ సేకరణలో ఉంది. వేసవి ఎండకు కాయ ఎండగానే ఫట్‌మని పగిలి, గింజను పాతిక మీటర్ల దాకా విసిరేస్తుంది. చెట్టు కింద వెతికితే దొరికేవి ఖాళీ డొప్పలే. కాయ పచ్చదనం పోయి పసుపు తిరుగుతుండగానే కోసి, కళ్లంలో వల కప్పి ఎండబెట్టాలి. మధ్యాహ్నం వేళ ఆ వల కింద దీపావళి సీమటపాకాయల చప్పుడు వినిపిస్తుంది.

నల్లతుమ్మకు మనవాళ్ల దగ్గర ఒక పాత కిటుకు ఉంది. మేకలు తుమ్మకాయల్ని ఇష్టంగా తింటాయి. గింజల్ని కొన్ని నెమరు వేస్తూ ఉమ్మేస్తాయి, కొన్ని పెంటికల్లో వదులుతాయి. పొట్టలోని రసాలకు తొక్క మెత్తబడి ఉంటుంది కాబట్టి దొడ్డి ఊడ్చి ఏరిన గింజలు చెట్టు నుంచి కోసినవాటి కంటే బాగా మొలుస్తాయి. నర్సరీలవాళ్లు మేకల దొడ్ల చుట్టూ తిరిగేది ఇందుకే. హుజూరాబాద్‌ మేకలకు ఈ సంగతి తెలిస్తే జరిమానాకు బదులు కూలి అడిగి ఉండేవి.

విత్తేది మృగశిర దాటి నేల బాగా తడిశాక. లోతు వేలి గణుపులో సగం చాలు. అంతకంటే లోతైతే మొలక పైకి రాలేదు. ఆ నేలలో ఇంతకుముందు ఆ జాతి చెట్టు లేకపోతే దానికి కావాల్సిన బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. సుబాబుల్‌ ఈ విషయంలో పట్టుదల గలది, ఏ రైజోబియమైతే అదే పనికిరాదంటుంది. తగిన రైజోబియం పొడి దొరికితే బెల్లం నీళ్లతో గింజకు పట్టించి నీడన ఆరబెట్టాలి. దొరక్కపోతే బాగా పెరిగిన పాత చెట్టు కింద నుంచి నాలుగు దోసిళ్ల మట్టి తెచ్చి విత్తే సాళ్లలో కలపడం తేలిక దారి. పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి రెండు మూడు నెలల మొక్కనొకదాన్ని మెల్లగా పెళ్లగించి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబి రంగు కనిపిస్తే నత్రజని పట్టే పని నడుస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే చెట్టు బతుకుతున్నది నేల మీద ఆధారపడే. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థమే ఆ బుడిపెలోని ఎరుపుకు కారణం.

ఇంత శ్రమెందుకు, నర్సరీ మొక్క తెచ్చి నాటితే పోదా అనేవాళ్లున్నారు. సర్కారు పథకాలన్నీ ఆ దారినే నడుస్తున్నాయి కూడా. నల్లటి పాలిథిన్‌ సంచిలో మొక్క కంటికి కనిపిస్తుంది, లెక్కకు వస్తుంది, ఫొటోకు నిలుస్తుంది. మేత కంచెకు మాత్రం అది సరిపడదు. సంచిలో ఎక్కువ రోజులున్న మొక్క తల్లివేరు అడుగు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. ఉన్నచోటే మొలిచిన గింజ వేరు నిట్టనిలువుగా దిగుతుంది. మెట్టపొలంలో మే నెల దాటించేది ఆ నిలువు వేరే. గ్లైరిసిడియాను కొమ్మ గుచ్చి పెంచడం సులువని చాలామందికి తెలుసు. అలా పెంచిన చెట్టుకు వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, గింజ చెట్టంత ఎండకు ఓర్వదు. అన్నిటికీ మించి ఖర్చు. మేతకైతే అడుగున్నరకు ఒక మొక్క ఉండాలి. అన్ని సంచులు ఎవరు మోస్తారు?

ఇంతా చెప్పి సుబాబుల్‌ చరిత్ర దాచడం భావ్యం కాదు. మెక్సికోలో పుట్టిన ఆ చెట్టు స్పెయిన్‌ ఓడలతో ఫిలిప్పీన్స్‌ చేరి, అక్కడి నుంచి ఉష్ణదేశాలంతా పాకింది. మన దేశానికి దాని పొడుగు రకాల్ని 1970లలో తెచ్చి ప్రచారం చేసినవారిలో ముఖ్యులు పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో బైఫ్‌ సంస్థ పెట్టిన మణిభాయి దేశాయి. సుబాబుల్‌ అంటే మంచి తుమ్మ అని. కరువును తరిమే చెట్టని పొగిడారు. ఆ తర్వాత మూడు దెబ్బలు తగిలాయి.

మొదటిది విషం. ఆ ఆకులో మిమోసిన్‌ అనే పదార్థం ఉంటుంది. అదే పనిగా మేపితే గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు ఊడతాయి. గొర్రెలకు ఉన్నే రాలిపోతుంది. కత్తెర లేకుండా ఉన్ని తీయడానికి దీన్ని వాడొచ్చేమోనని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రయోగాలు కూడా చేశారు. పశువు పొట్టలో మిమోసిన్‌ విరిగి థైరాయిడ్‌ను దెబ్బతీసే మరో పదార్థంగా మారుతుంది. ఆస్ట్రేలియాలో పశువులు చిక్కిపోతుంటే హవాయిలో మేకలు ఇదే ఆకు కడుపునిండా తిని నిక్షేపంగా ఉండటం రేమండ్‌ జోన్స్‌ అనే శాస్త్రవేత్త కంటపడింది. కారణం వాటి పొట్టలోని ఒక బ్యాక్టీరియా. ఆ మేకల పొట్టలోని ద్రవాన్ని ఆస్ట్రేలియా తెప్పించి అక్కడి జీవాలకు ఎక్కించగానే విషం విరుగుడైంది. 1992లో ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు కలిసొచ్చేలా సినర్జిస్టిస్‌ జోన్సీ అని పేరు పెట్టారు. మన రైతుకు అంతదూరం పోవాల్సిన పనిలేదు. మేతలో మూడో వంతుకు మించకుండా, మిగతాది గడ్డో చొప్పో కలిపి వేస్తే ప్రమాదం లేదు. గుర్రాలకూ పందులకూ కుందేళ్లకూ మాత్రం వేయకూడదు.

రెండోది పురుగు. పేనంత ఉండే ఒక రసం పీల్చే పురుగు 1984లో హవాయిలో బయటపడి, ద్వీపం నుంచి ద్వీపానికి దాటుకుంటూ 1980లు ముగిసేలోపు దక్షిణ భారతం చేరింది. లేత చిగుళ్లు మాడ్చేసింది. మన శాస్త్రవేత్తలు బయటి నుంచి ఒక రకం అక్షింతల పురుగును తెప్పించి దాని మీదికి వదలాల్సి వచ్చింది. అసలు దెబ్బ తిన్నది ఇండొనేషియాలోని పశ్చిమ తిమోర్‌. అక్కడ అమరాసి అనే ప్రాంతంలో 1930లలో స్థానిక పాలకుడు కొండవాలు రైతులంతా వాలుకు అడ్డంగా వరసల్లో సుబాబుల్‌ వేసి తీరాలని కట్టుబాటు పెట్టాడు. అరిగిపోయిన కొండలు పచ్చబడ్డాయి. ఎడ్లను కొట్టంలో కట్టేసి, కోసిన ఆకుతోనే బలిపించి అమ్మడం అక్కడి రైతుల జీవనాధారమైంది. యాభై ఏళ్లు అలా నడిచిన వ్యవస్థ, 1986లో పురుగు రాగానే మేతకు కటకటలాడింది. ఒకే చెట్టును నమ్ముకున్నందుకు అంత మూల్యం.

మూడోది మన చేతులారా జరిగింది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఖమ్మం జిల్లాల్లో సుబాబుల్‌ మేతచెట్టు కాకుండా కాగితం గుజ్జు కర్రయి కూర్చుంది. వేల ఎకరాల్లో వేశారు. టన్ను ధర కోసం మిల్లులతో పేచీలు, ధర్నాలు చూశాం. ఏటా మూడు నాలుగుసార్లు నడుమెత్తులో కోసి పొదగా ఉంచాల్సిన చెట్టును మానుగా వదిలేస్తే కాయలు విపరీతంగా కాసి గింజ రాల్చి, పక్క చేలోకి చొరబడుతుంది. ప్రపంచంలోని వంద పరమ దుష్ట ఆక్రమణ జాతుల జాబితాలో దీన్ని చేర్చింది అందుకే. మేత కోసం కోస్తూ ఉంటే కాయ దాకా రాదు. కోసే చెయ్యి లేనిచోట ఈ చెట్టు వేయనే కూడదు.

ఆక్రమణ అంటే ఏమిటో తెలుగు పల్లెకు వేరే చెప్పక్కర్లేదు. సర్కారు తుమ్మ ఉంది కదా. అదీ నత్రజని పట్టేదే, దాని కాయల్నీ జీవాలు తింటాయి, దాని గింజా పెంటికల్లోనే ఊరూరూ తిరిగింది. ఆకు మాత్రం ఏ జీవమూ ముట్టదు. కాయ కోసం ఎగబడే మంద దాన్ని చెరువుల్లోకీ బీళ్లలోకీ మోసింది. సర్కారు చల్లిన చెట్టుకు జనం పెట్టిన ఆ పేరును అధికారులు అప్పుడప్పుడూ తలుచుకుంటే మంచిది.

చెట్టు పెంచితే పంట తగ్గదా అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. 1980లలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో సుబాబుల్‌ వరసల నడుమ జొన్న, కంది లాంటివి వేసి చూశారు. తేమ తక్కువున్న నేలల్లో చెట్టు వేళ్లు నీళ్లు లాగేసి పక్క సాళ్లను ఎండగట్టాయి. అందుకని చేను మధ్యలో వద్దు. గట్టు మీద వేయాలి, తొలకరికి ముందు, పంట నడుమ రోజుల్లో కోసి పొట్టిగా ఉంచాలి. గట్టు పక్క ఒకటి రెండు సాళ్లలో దిగుబడి కొంత తగ్గుతుందని రైతుకు ముందే చెప్పాలి. తగ్గదని చెప్పే అధికారిని రెండో ఏడు ఎవరూ నమ్మరు. గట్ల మీద గ్లైరిసిడియా వేసి రొట్టను పొలానికి వాడుకొమ్మని హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. ఆ ఆకు వాసనకు జీవాలు మొదట్లో మొహం తిప్పుకుంటాయి. కోసి పూట వడలబెట్టి, కాస్త తవుడో ఉప్పో చల్లితే వారం పది రోజుల్లో అలవాటు పడతాయి.

లెక్క ఒకటి వేసి చూద్దాం. కెన్యాలో ఎంబు ప్రాంతపు పాడిరైతులు కాలియాండ్రా అనే ఇలాంటి మేత పొదను చేల అంచుల్లో పెంచుతారు. అక్కడి పరిశోధనల ప్రకారం మూడు కిలోల పచ్చి ఆకు ఒక కిలో దాణాకు సాటి వస్తుంది. ఒక ఆవుకు ఏడాది పొడుగునా ఆ ఆకు అందాలంటే 500 పొదలు కావాలి. ఇప్పుడు మన ఎకరం తీసుకోండి. చదరంగా ఉంటే చుట్టుకొలత 254 మీటర్లు. అరమీటరుకు ఒకటి చొప్పున వేస్తే దాదాపు 500 మొక్కలే. ఎంబు కొండల్లో వాన ఎక్కువ, మహబూబ్‌నగర్‌లో తక్కువ, అనంతపురంలో మరీ తక్కువ. సగమే వస్తుందనుకున్నా, ఎకరం గట్టు ఎండాకాలంలో అయిదారు గొర్రెలకు మేతలో బలమైన భాగం అందించగలదు. దానికి కావాల్సిన విత్తనం, మొలవనివీ చీడ తిన్నవీ పోగా, సుబాబుల్‌ అయితే నూరు గ్రాములు. ఒక్క గుప్పెడు. అందులో సగం అవిసెకూ గ్లైరిసిడియాకూ ఇవ్వడం మేలు, అమరాసి అనుభవం మరిచిపోకూడదు. అవిసెను మాత్రం సుబాబుల్‌లా నడుమెత్తులో నరికితే చచ్చిపోతుంది, పక్క కొమ్మలే కోయాలి.

అసలు ముడి మరోచోట ఉంది. గొర్రెలున్న గొల్ల కురుమల్లో చాలామందికి భూమి లేదు, భూమి ఉన్న రైతుకు గొర్రెలు లేవు. గట్టు ఒకరిది, మంద ఇంకొకరిది. ఊరి బంజరు, చెరువు కట్ట వెలుపలి వాలు, కాల్వ ఒడ్డు, ఈ మూడింటిలో కొంత భాగమైనా గొర్రెల పెంపకందారుల సొసైటీల పేర రాసి ఇస్తేనే కాపరికి చెట్టు మీద హక్కు వస్తుంది. హక్కున్న కాపరే మొదటి ఏడాది కాపలా కాస్తాడు. ఆ మొదటి ఏడాదే కీలకం. మొలక వారాల తరబడి కలుపు చాటున నెమ్మదిగా పెరుగుతుంది, మేక ఒక్క పూట దూరినా పని ఖతం. మనిషెత్తు పెరిగాక అదే మేకకు కోత వేయొచ్చు. కంచెకు, కలుపుకు కూలి ఉపాధి పనుల్లో చూపించడం అసాధ్యమేమీ కాదు. గుంతకు ఇన్ని రూపాయలని లెక్కగట్టే అలవాటును మొలిచిన మీటరుకు ఇన్ని రూపాయలని మార్చాలి, అదే కష్టం. మొలిచిందా లేదా అన్నది ఏ ఫొటోలోనూ దాగదు.

తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలకు కోరేది చిన్నదే. వచ్చే మృగశిరలోపు ప్రతి మండల పశువైద్యశాలలో నూరేసి గ్రాముల మేతచెట్ల విత్తనాల పొట్లాలు ఉంచండి, మూడు జాతులు కలిపి. పొట్లం మీద మంత్రుల ఫొటోలకు చోటు ఎటూ వదులుతారు, దాని కింద రెండు వాక్యాలకు కూడా కాస్త జాగా ఉంచండి: సుబాబుల్‌ గింజ మీద మరిగి దించిన నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి, మొదటి ఏడాది మేకను దూరంగా కట్టేయాలి.